చుక్కల గీత మీద ఊరు

మా ఆశ్రమ పాఠశాలలో ఆ మధ్య పిల్లలకు వక్తృత్వ పోటీ పెట్టాం. ‘మన కొండల్లో కొత్త రైలు సొరంగాలు: లాభమా, నష్టమా?’ అన్నది అంశం. ఇచ్చింది నేనే. కొత్తవలస నుంచి కొరాపుట్ వైపు రెండో లైను పనులు జరుగుతున్నాయి కదా, సెలవులకు ఇళ్ళకు వెళ్తూ వస్తూ పిల్లలు చూస్తున్నదే, బట్టీ పట్టకుండా సొంతంగా మాట్లాడతారని నా ఆశ.

ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె లాభం వైపు మాట్లాడింది. ఒక్క లైను మీద రెండు రైళ్ళు ఎదురుపడితే ఒకటి స్టేషన్లో ఆగి తీరాలి, రెండో లైను వస్తే ఆ ఎదురుచూపు పోతుంది అంది. కొండను పైనుంచి కోసుకుంటూ పోతే చెట్లన్నీ పోతాయి, లోపలినుంచి పోతే తక్కువ పోతాయి అంది. లారీలు తగ్గి రైళ్ళు పెరిగితే పొగ తగ్గుతుంది అంది. నష్టం వైపు నిలబడిన అబ్బాయి ‘కొండ మా తల్లి, అడవి మా తండ్రి’ అని మొదలెట్టి చివరిదాకా అక్కడే తిరిగాడు. ఆ మాటలు వాడివి కావని, ఏదో సభలో విన్నవని తెలిసిపోతూనే ఉంది. మొదటి బహుమతి అమ్మాయికి ఇచ్చాను. ఆ తీర్పు సరైనదేనని ఇప్పటికీ అనుకుంటున్నాను.

పోటీ అయిపోయి పిల్లలు అన్నాలకు లేచాక అయిదో తరగతి పిల్ల ఒకతె గోడ దగ్గరే నిలబడిపోయింది. మా తోటి మాస్టారు చార్టు మీద గీసిన పటం అక్కడ తగిలించి ఉంది. పాత లైను నల్లగీత. కొత్తది ఎర్రగీత. సొరంగం వచ్చే చోట ఎర్ర చుక్కలు.

“మాస్టారూ, మా ఊరెక్కడ?” అని అడిగింది.

చూపించాను. నా వేలు చుక్కల మీద ఆగింది.

“ఈ చుక్కలేంటి?”

“అక్కడ రైలు కొండ లోపల్నించి పోతుందమ్మా. పైకి కనపడదు.”

“అయితే మా ఊరి కిందనించా?”

“ఊఁ.”

కాసేపు పటం వైపే చూసింది. “మరి మా ఊరికి చెప్పారా?” అని అడిగి, జవాబు కోసం ఆగకుండా అన్నం గంట విని పరుగెత్తింది.

నేను పెట్టిన అంశంలో ఆ ప్రశ్నకు చోటు లేదు. ఈ వ్యాసం ఆ పిల్లకు నేను ఇవ్వలేకపోయిన జవాబు కోసం వెతుకులాట. మీలో చదువుకుంటున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, బడుల్లో పాఠాలు చెబుతున్న తోటి మాస్టార్లూ టీచరమ్మలూ నాతోపాటు కాస్త వెతికితే మంచిది. ఎందుకంటే ఇలాంటి పటాలు మన ప్రాంతం మీద ఇంకా చాలా పడబోతున్నాయి. మల్కనగిరి నుంచి భద్రాచలం మీదుగా పాండురంగాపురం దాకా 173 కిలోమీటర్ల కొత్త లైనుకు 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం చెప్పింది. అదీ మనవాళ్ళుండే నేలే.

ముందు నా బాకీ ఒప్పుకోవాలి. నేను రైలుకు వ్యతిరేకంగా మాట్లాడే అర్హత లేనివాణ్ణి. మా అమ్మ అడ్డాకులు, కొండచీపుర్లు మోపు కట్టి శృంగవరపుకోట సంతకు రైల్లోనే తీసుకెళ్ళేది. ఆ డబ్బుతో నాకు పలక, తర్వాత చొక్కా, తర్వాత భీమిలి డైట్‌లో చేరడానికి ఖర్చులు. పాసింజరు దిగి, బస్సెక్కి భీమిలి వెళ్ళిన మొదటి రోజు నా ఒంటికి ఇంకా రైలు బొగ్గు వాసన ఉందనుకుని సిగ్గుపడ్డాను. అప్పటికి లైనుకు కరెంటు వచ్చి ఎన్నాళ్ళయిందో! అది మా ఇంటి పొయ్యి వాసన.

మా చెల్లెలికి నొప్పులొచ్చినప్పుడు డోలీలో స్టేషనుకు మోసుకొచ్చాం. రైలెక్కించాం. మధ్యలో ఎదురు గూడ్సు కోసం బండి ఆగింది. ఆగింది ఎంతసేపో గడియారం చూసి చెప్పమంటే చెప్పలేను, నాకు ఒక రాత్రంత అనిపించింది. ఖనిజంతో నిండిన పెట్టెలు ఒకదాని వెనక ఒకటి కిటికీ ముందునుంచి దిగువకు పోతూనే ఉన్నాయి. బిడ్డ క్షేమంగానే పుట్టాడు, ఇప్పుడు మీసాలొస్తున్నాయి. ఎనిమిదో తరగతి అమ్మాయి ‘ఎదురుచూపు పోతుంది’ అన్నప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ పెట్టెలే. బహుమతి ఇచ్చిన చేతికి ఆ జ్ఞాపకం కూడా తోడయ్యుంటుంది.

అందుచేత కొత్త సొరంగం వద్దని నేను తేలిగ్గా అనలేను. అయితే ‘విలువైనది’ అని ఎవరన్నా ఆ మాట వెనక ఒక లెక్క ఉంటుంది. ఆ లెక్క ఎలా వేస్తారో మనం తెలుసుకోవాలి.

ఒక కాగితం మధ్యలో గీత గీస్తారు. ఎడమవైపు ఖర్చులు: తవ్వకం, ఉక్కు, సిమెంటు, కూలీ, సేకరించిన భూమికి పరిహారం. కుడివైపు రాబడి: ఎన్ని టన్నులు ఎక్కువ మోయొచ్చు, ఎంత సమయం మిగులుతుంది, ఎంత డీజిలు తగ్గుతుంది. రెండు వైపులా కూడి, కుడివైపు బరువైతే ‘లాభసాటి’ అంటారు. ఇందులో మోసం ఏమీ లేదు. డబ్బు ప్రజలది, లెక్క చూసుకోకుండా ఖర్చుపెట్టకూడదు. ఇంట్లో మేకను అమ్మాలన్నా మనం ఆ లెక్క వేస్తాం.

ఇందులో రెండు సంగతులు గమనించాలి. మేక నాదే, డబ్బూ నాదే అయినప్పుడు ఎడమ చేతిలోది కుడి చేతికి మారినట్టు. ఎడమవైపు నష్టం మీ అమ్మది, కుడివైపు లాభం విశాఖ రేవులో ఎవరిదో అయినప్పుడు వాటిని ఒకే కాగితం మీద కూడి, మిగిలినది ‘అందరిదీ’ అనడం వేరు. అందరూ అనే ఒక మనిషి ఎక్కడా లేడు. ఆకలి వేసేది, దాహం వేసేది ఒక్కొక్కరికే. ఇది మొదటిది.

రెండోది సొరంగానికి ప్రత్యేకమైనది. పట్టాలు నేల మీద వేస్తే ఆ నేల సేకరించాలి, దాని యజమాని పేరు జాబితాలో ఎక్కుతుంది, ఎంతో కొంత ఇస్తారు. లోతుగా పోయే సొరంగం పైన ఉన్న నేలను మామూలుగా సేకరించరు. ఇల్లు ఇల్లులాగే ఉంటుంది, మడి మడిలాగే ఉంటుంది. కాబట్టి పైన ఉన్న ఊరు ‘ప్రభావిత’ ఊళ్ళ జాబితాలోకే రాదు. ఎడమవైపు కాగితంలో వాళ్ళ గడి లేదు. వాళ్ళు చుక్కల మీద ఉన్నారు.

అయితే కొండ కింద రైలు పోతే పైన ఉన్నవాళ్ళకు ఏం పోతుంది? నీళ్ళు పోవచ్చు. మన కొండల రాయి ఎక్కువగా ఖోండలైటు. 1902లో వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఆ రాయికి మన కోందు అన్నదమ్ముల పేరు పెట్టాడు. (రాయికి మన పేరు పెట్టడానికి మన సమ్మతి ఎవరూ అడగలేదు గాని, దాని మీద నాకు కోపం లేదు. మా పిల్లలకు చెబితే ఒక రోజంతా మురిసిపోయారు.) ఆ రాయి పైపొరలు వానకూ ఎండకూ మెత్తబడి, పగుళ్ళిచ్చి, వాన నీళ్ళు తాగి దాచుకుంటాయి. దాచుకున్నది ఏడాది పొడుగునా చెమ్మగిల్లి పక్కల్నించి ఊటగా దిగుతుంది. మా ఊళ్ళో గ్రావిటీ పథకం కుళాయికి నీళ్ళొచ్చేది అలాంటి ఊట నుంచే. మోటారు లేదు, కరెంటు బిల్లు లేదు. కొండ లోపల ఆ పగుళ్ళ కిందుగా సొరంగం పడితే, అడ్డుకట్ట సరిగా లేకపోతే, అది కుండకు అడుగున బెజ్జం పెట్టినట్టే. నీళ్ళు ఊట వైపు వెళ్ళడం మాని బెజ్జం వైపు దిగుతాయి. ప్రతి సొరంగమూ ఇలా చేస్తుందని నేననడం లేదు. రాయిని బట్టి, లోతును బట్టి, లోపల వేసే సిమెంటు కట్టుబడిని బట్టి ఉంటుంది. ఏ ఊట పోతుందో, ఏది మిగులుతుందో తవ్వకముందు కొలిస్తేనే తవ్వాక తెలుస్తుంది.

ఇది నేను భయపడి అల్లిన కథ కాదని చెప్పడానికి మిమ్మల్ని కాసేపు జపాను తీసుకెళ్తాను. మన లైనుకు ఆ దేశంతో పాత చుట్టరికం ఉంది. కెకె లైను పుట్టిందే జపాను కోసం. 1960లో జపాను ఉక్కు కర్మాగారాలతో ఒప్పందం కుదిరి, బైలాడిల్లా ఖనిజాన్ని విశాఖ రేవుకు దించడానికి ఈ కొండల్లో 58 సొరంగాలు తొలిచి దారి వేశారు. ఖనిజం కోసం వేసిన దారిలో మనుషులం తర్వాత ఎక్కాం. ఆ కొనుగోలుదారు దేశంలోనే, అంతకు ముందే, మనం నేర్చుకోవలసిన పాఠం ఒకటి జరిగి ఉంది.

జపానులో షిజుయోకా రాష్ట్రంలో తన్నా అనే చిన్న లోయ ఉంది. చుట్టూ కొండలు, మధ్యలో సమృద్ధిగా ఊటలు, వరి మళ్ళు. నిత్యం పారే చల్లటి ఊటనీళ్ళలో పెరిగే వసాబి అనే ఘాటైన మొక్క అక్కడి పంట. 1918లో ఆ లోయ కిందుగా రైలు సొరంగం తవ్వడం మొదలెట్టారు. పొడవు ఎనిమిది కిలోమీటర్లకు కొంచెం తక్కువ. లోపల నీళ్ళు జలపాతంలా పడ్డాయి. 67 మంది పనివాళ్ళు చనిపోయారు. 16 ఏళ్ళకు, 1934లో పూర్తయింది. అప్పటికి పైన లోయలో ఊటలు ఎండాయి. వసాబి తోటలు పోయాయి, వరి మళ్ళకు నీళ్ళు లేవు. లోయ నీళ్ళన్నీ సొరంగం వైపు దిగిపోయాయి.

పరిహారం ఇచ్చారు. లోయ వాళ్ళు పాడి వైపు మళ్ళారు, ఇవాళ తన్నా పాలకు పేరుంది. దీన్ని చదివినప్పుడు ఎనిమిదో తరగతి అమ్మాయి తరఫున నాలో నేనే వాదించుకున్నాను: ‘చూశావా, బతికారు కదా. దేశానికి పెద్ద రైలు దారి వచ్చింది, వాళ్ళకు పాలు వచ్చాయి. మొత్తం మీద లాభమే కదా?’ చాలాసేపు జవాబు దొరకలేదు. తర్వాత తోచింది ఇది: వాళ్ళు బతకడం వాళ్ళ గొప్ప. దాన్ని సొరంగం ఖాతాలో జమ వేయకూడదు. ఇల్లు కాలినవాడు మళ్ళీ ఇల్లు కట్టుకున్నాడని నిప్పు పెట్టినవాడు లెక్క చూపించుకోలేడు కదా. ఆవులు పెంచాలో వసాబి పెంచాలో వాళ్ళు తేల్చుకోవలసింది. వాళ్ళ కింద నుంచి పోయిన రంధ్రం తేల్చింది.

అదే షిజుయోకాలో నూరేళ్ళకు మళ్ళీ ఇంకో సొరంగం గొడవ వచ్చింది. ఈసారి కథ వేరుగా నడిచింది. టోక్యోలోని షినగావా నుంచి నగోయా వరకు, చక్రాలు పట్టాలను తాకకుండా అయస్కాంత బలంతో తేలుతూ పోయే రైలు కడుతున్నారు. 286 కిలోమీటర్లు, 40 నిమిషాలు. దారిలో నూటికి 86 వంతులు సొరంగమే. అందులో దాదాపు తొమ్మిది కిలోమీటర్లు షిజుయోకా ఉత్తర కొసన పెద్ద కొండల కింద పోవాలి. షిజుయోకాలో ఒక్క స్టేషను కూడా లేదు. కొండ వాళ్ళది, రైలు వాళ్ళది కాదు. ఆ కొండల్లోనే ఓయి నది పుడుతుంది. 6 లక్షల మందికి పైగా ఆ నది నీళ్ళు తాగుతారు, టీ తోటలకు, మళ్ళకు అదే ఆధారం. ఏ చర్యలూ తీసుకోకపోతే సొరంగం వల్ల నదిలో సెకనుకు 2 టన్నుల దాకా నీళ్ళు తగ్గొచ్చని 2013లో రైలు కంపెనీ తన నివేదికలోనే రాసింది.

నది కింద తవ్వాలంటే రాష్ట్ర గవర్నరు అనుమతి కావాలి. జపానులో గవర్నరును జనం ఓటేసి ఎన్నుకుంటారు. అప్పటి గవర్నరు హెయిటా కవకాట్సు ఏళ్ళ తరబడి అనుమతి ఇవ్వలేదు. మా నీళ్ళన్నీ మాకు తిరిగి రావాలన్నది ఆయన పట్టు. దేశమంతా ఆయన్ను తిట్టింది. తొమ్మిది కిలోమీటర్ల కోసం 286 కిలోమీటర్లు ఆపుతావా అన్నారు. అందులో రాజకీయం ఉందన్నారు, ఉండే ఉంటుంది. రైలు 2027లో మొదలు కావలసింది, కుదరదని 2024లో కంపెనీ చెప్పేసింది. గవర్నరు కూడా అదే ఏడు వేరే మాటల గొడవలో పదవి వదిలేశాడు.

ఆయన మంచివాడా మొండివాడా అని తేల్చడం మన పని కాదు. మధ్యలో జరిగిన ఒక చిన్న సంగతి చూడండి. తవ్వే కాలంలో కొంత నీరు పక్క రాష్ట్రం వైపు కారిపోతుంది, దాన్ని వెనక్కి తేలేం అని కంపెనీ అంటూ వచ్చింది. వాదన సాగగా సాగగా ఒక ఉపాయం దొరికింది. ఆ నది ఎగువన తాషిరో అనే ఆనకట్ట ఉంది. అక్కడినుంచి ఒక కరెంటు కంపెనీ ఎప్పటినుంచో పక్క రాష్ట్రానికి నీళ్ళు మళ్ళిస్తోంది. సొరంగంలోంచి ఎన్ని నీళ్ళు కారతాయో అన్ని నీళ్ళు ఆ కాలంలో కరెంటు కంపెనీ తక్కువ తీసుకోవాలి. 2023లో దానికి అంగీకారం కుదిరింది. ఆ ఆనకట్ట కొత్తగా కట్టింది కాదు, అందరికీ తెలిసినదే. ఒకరు ‘కాదు’ అనేదాకా దాని వైపు చూడవలసిన అవసరం ఎవరికీ రాలేదు.

అడగడం అంటే మర్యాద అని, పని ఆలస్యం చేసే తతంగం అని చాలామంది అనుకుంటారు. తాషిరో కథ చదివాక నాకు అలా అనిపించడం లేదు. అడగనప్పుడు కాగితంలో ఎడమవైపు ఏ గడులు ఉండాలో కూడా తెలియదు.

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. మన దేశంలో అడగాలనే చట్టాలు లేకపోలేదు. మా అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో మొదలైన గనుల తగాదాలోనే 1997లో సుప్రీంకోర్టు సమతా తీర్పు చెప్పింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులు చెల్లవంది. ప్రభుత్వం తానే చేసే పనికి మాత్రం ఆ అడ్డు లేదు. 2013 ఏప్రిల్‌లో అదే కోర్టు నియంగిరి కొండ మీద బాక్సైటు తవ్వాలా వద్దా అన్నది అక్కడి గ్రామసభలు చెప్పాలంది. 12 గ్రామసభలు కూర్చున్నాయి, 12 సభలూ వద్దన్నాయి. ఆ కథ మీ అందరికీ తెలుసు, మన పాటల్లోకి కూడా వచ్చేసింది.

అదే 2013లో జరిగిన ఇంకో రెండు సంగతులు పాటల్లోకి రాలేదు. ఫిబ్రవరిలో కేంద్ర పర్యావరణ శాఖ ఒక ఉత్తరువు ఇచ్చింది. రోడ్లు, కాలువలు, పైపులైన్లు, కరెంటు లైన్ల లాగ గీతలా పొడుగ్గా సాగే పనులకు అడవి భూమి ఇవ్వడానికి గ్రామసభ సమ్మతి అక్కర్లేదంది, అతి వెనకబడిన ఆదిమ తెగల హక్కులు దెబ్బతింటే తప్ప. ఆ ఏడే కొత్త భూసేకరణ చట్టం వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి తీసుకోవాలంటే గ్రామసభ ముందుగా ఒప్పుకోవాలని అందులో ఉంది. చివరకు వెళ్తే నాలుగో షెడ్యూలు అని ఒక జాబితా ఉంది. 13 చట్టాల కింద జరిగే సేకరణకు ఈ నియమాలు వర్తించవని. ఆ పదమూడింట్లో రైల్వే చట్టం ఒకటి. తర్వాత 2015 నుంచి పరిహారం, పునరావాసం నియమాలను ఆ 13 చట్టాలకు కూడా వర్తింపజేశారు. సమ్మతిని వర్తింపజేయలేదు. అంటే డబ్బు గడి తెరిచారు, ‘అడిగారా’ అనే గడి మూసే ఉంచారు. రైలు మార్గాలకు 2006 నాటి పర్యావరణ అనుమతి నియమం కూడా వర్తించదు.

దీని వెనక ఒక వాదన ఉంది, దాన్ని చిన్నచూపు చూడకూడదు. గని ఒక చోట ఉంటుంది, గీత వంద ఊళ్ళ మీదుగా పోతుంది. వందలో ఒక్క ఊరు కాదంటే తొంభైతొమ్మిది ఊళ్ళకు దారి ఆగిపోతుంది. ఒక్కరి ‘కాదు’కు అంత బలం ఇవ్వొచ్చా?

ఈ ప్రశ్న నా ఊళ్ళోనే నాకు ఎదురైంది, చెప్పడానికి సిగ్గుగా ఉన్నా చెబుతాను. మా పై ఊరికి రోడ్డు వేయాలంటే మా మడుల పక్కనుంచే పోవాలి. మావాళ్ళు చాలా కాలం ఒప్పుకోలేదు. నీళ్ళ దారి తెగిపోతుంది, గట్లు పోతాయి అన్నారు. అబద్ధం కాదు. కానీ ఆ కాలమంతా పై ఊరి నుంచి డోలీలు మా ఊరి గట్టు మీదుగానే దిగుతూ ఉండేవి. అందులో పడుకున్న మనిషి ముఖం చూసి మేం పక్కకు తప్పుకుని దారి ఇచ్చేవాళ్ళం. రోడ్డుకు మాత్రం దారి ఇవ్వలేదు. నేను మాస్టారిని, నా మాట కొంత చెల్లుతుంది. నేనూ గట్టిగా ఏమీ అనలేదు. మా మడి కూడా అందులో ఉంది.

చివరకు తెగింది ఎలాగంటే, పై ఊరి ఆడవాళ్ళు కొందరు దిగివచ్చి మా చావిడి దగ్గర కూర్చున్నారు. తిట్టలేదు, బతిమాలలేదు. ‘ఎక్కడ కోస్తే మీకు తక్కువ పోతుందో మీరే చూపించండి’ అన్నారు. మా పెద్దలు లేచి నడిచారు. నడుస్తూ నడుస్తూ గెడ్డ అంచున ఒక పాత బండిబాట చూపించారు. కొంచెం చుట్టు, రెండు మడులే పోతాయి. ఇప్పుడు ఆ దారిలోనే ఆటో వెళ్తోంది.

కాబట్టి ఊరు కాదంటే అది తిరుగులేని మాట అని నేననను. మా ఊరు తప్పు చేసింది కదా. కాదనే హక్కు ఉన్నప్పుడే ‘మరి ఎక్కడ?’ అనే ప్రశ్న పుడుతుందని మాత్రం అంటాను. ఆ హక్కు మొదటే తీసేస్తే రోడ్డు మా ఆరు మడుల మీదుగా తిన్నగా పోయేది, పాత బండిబాట ఎవరికీ గుర్తొచ్చేది కాదు. అక్కరున్నవాళ్ళు వచ్చి ఎదురుగా కూర్చున్నారు, అది కూడా ముఖ్యం. మా ఊరి వాళ్ళను మార్చింది చట్టం కాదు, వాళ్ళు కూర్చున్న తీరు. రేవులో ఖనిజం కొనేవాళ్ళు ఏ చావిడి దగ్గరా కూర్చోరు. అక్కడే చిక్కు.

మన పెద్దల నీళ్ళ కట్టుబాటు కూడా ఇలాంటిదే. మెట్లు మెట్లుగా దిగే మడుల్లో పై మడివాడికి నీళ్ళు ముందు అందుతాయి. అయినా కింది మడివాణ్ణి పిలిచి చూపించకుండా పైవాడు గండి మార్చడు. మార్చాక ఎన్ని బస్తాల ధాన్యం ఇచ్చినా పెద్దలు దాన్ని దొంగతనం కిందే చూస్తారు. ముందు చెప్పి మారిస్తే ధాన్యం ఇవ్వకపోయినా చూసీచూడనట్టు పోతారు. చిన్నప్పుడు నాకు ఇది తలకిందుల న్యాయంలా ఉండేది. ఇప్పుడు అర్థమవుతోంది. ధాన్యంతో పూడేది పంట నష్టం. లెక్కలోకి రాని మనిషిగా చూసినందుకు కలిగే నష్టం ధాన్యంతో పూడదు.

అలాగని మన కట్టుబాటును నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. చావిడిలో కూర్చునేది మగవాళ్ళు. ఊట నుంచి బిందె మోసేది ఆడవాళ్ళు. పంపకాల మాట వచ్చినప్పుడు మా అమ్మను ఎవరూ ఎన్నడూ అడగలేదు. సొరంగం గురించి గ్రామసభ అడగాలని నేను రాస్తున్నాను గాని, రేపు నిజంగా అడిగితే మా ఊళ్ళో జవాబు చెప్పేది ఎవరు? వేలిముద్రలు వేసి పంపేది ఎవరు? సంతకం పెట్టించుకుని సభ జరిగిందని రాసుకునే చోట్లు ఉన్నాయని మీకూ తెలుసు. మన ఇంట్లో చుక్కల మీద ఉన్నవాళ్ళ సంగతి మనం చూసుకోకుండా రైలువాళ్ళను అడిగితే సగం మాటే అడిగినట్టు.

ఇంతకీ కొత్త సొరంగం విలువైనదా? నా మటుకు నేను ఇలా అనుకుంటున్నాను. రెండో లైను మీద మనుషుల బండ్లు పెరిగితే, మా చెల్లెల్లాంటివాళ్ళు గూడ్సు కోసం ఆగనక్కర్లేకపోతే, అది మంచి పని. ఆ మాట ఎవరైనా రాసి ఇస్తే ఇంకా మంచిది. పోయినా తిరిగి తెచ్చుకోగలిగినవి కొన్ని ఉంటాయి: గట్టు, చెట్టు, ఆఖరికి ఇల్లు. వాటికి బేరం ఉంటుంది, ఒప్పుకోవచ్చు. కొండలోని ఊట అలాంటిది కాదు. అది పోతే ట్యాంకరు తెస్తామంటారు. ట్యాంకరు వచ్చిన రోజు నీళ్ళు, రాని రోజు లేవు. అప్పటిదాకా ఎవరికీ చెయ్యి చాచని ఊరు ఆ రోజునుంచి ఒక ఫోను నంబరు మీద ఆధారపడుతుంది. దానికి ఎంత అని రాస్తారు ఎడమవైపు?

అందుకే సభల్లో ‘తల్లి’, ‘తండ్రి’ అనే ముందు కొలవడం నేర్చుకోవాలనిపించింది. తన్నా లోయవాళ్ళకు ఒక రోజున ఊట తగ్గిందని తెలిసింది. ఎంత తగ్గిందో, ఎప్పటినుంచి తగ్గిందో చెప్పాలంటే ముందు ఎంత ఉండేదో తెలియాలి. అది మన దగ్గర ఉండాలి, మన చేతి రాతలో.

పోటీ అయిన పదిహేను రోజులకు, ఒక ఆదివారం, పెద్ద పిల్లలను నలుగురిని తీసుకుని ఆ చిన్న పిల్ల ఊరికి వెళ్ళాను. బహుమతి వచ్చిన అమ్మాయీ వచ్చింది, ‘తల్లి, తండ్రి’ అబ్బాయీ వచ్చాడు. ఊట కింద బిందె పెట్టి, నా ఫోనులో గడియారం పెట్టి, నిండేదాకా ఎన్ని సెకన్లో చూశాం. మూడుసార్లు కొలిచి, మధ్యది రాసుకున్నాం. తేదీ, ముందు వారం వాన పడిందా లేదా, నీళ్ళ రంగు, ఇంకా ఎన్ని ఇళ్ళవాళ్ళు ఆ ఊట తాగుతారు. ఆ అబ్బాయి గడియారం పట్టుకున్నాడు. ఆ రోజు వాడు మాట్లాడిన తీరు వింటే పోటీలో గెలిచేవాడు.

పని చూస్తూ నిలబడిన ఒక ముసలమ్మ, ‘ఇదేంటి బాబూ, నీళ్ళకు పరీక్ష పెడుతున్నారా?’ అని నవ్వింది. తర్వాత తనే, వేసవిలో ఆ బిందె నిండేలోపు తను ఒక పాట పాడేదాన్ననీ, ఇప్పుడు పాట ఒకటిన్నర అవుతోందనీ చెప్పింది. అది వయసు వల్ల పాట వేగం పెరగడమో, నీళ్ళు తగ్గడమో నాకు తెలియలేదు. అమ్మాయి దాన్ని కూడా రాసుకుంది, వేరే పేజీలో.

నెలకొకసారి కొలవాలనుకున్నాం. నోటుబుక్కు బడిలో పెడదామంటే ఆ చిన్న పిల్ల ఒప్పుకోలేదు, వాళ్ళ ఇంట్లోనే దూలానికి కట్టిన సంచిలో ఉంది. ఇప్పటికి నాలుగు పేజీలు నిండాయి. ఊట బాగా తగ్గేది, కొలవడం అన్నిటికన్నా అవసరమయ్యేది ఏప్రిల్, మే నెలల్లో. అప్పుడు బడి ఉండదు, పిల్లలు తలో ఊరిలో ఉంటారు. వాళ్ళ అమ్మకు గడియారం చూడడం నేర్పుతానని ఆ పిల్ల అంటోంది.